తిప్పిన బండి

రైలు పట్టాల మీదికి ముందు చక్రం ఎక్కిందో లేదో చప్పుడు మొదలైంది. కట్, కట్, కటకటకట. పట్టాలు దాటగానే ఏమీ ఎరగనట్టు ఆగిపోయింది.

"ఇదే! విన్నారా మేస్త్రీ?" అంది బసీలియా. స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకుని, సీటు అంచుకి జరిగి కూర్చుంది. బండి నేర్చుకుని నాలుగు నెలలైనా కాని మనిషి. వెనక సీట్లనిండా సంతలో అమ్మే దుప్పట్ల మూటలున్నాయి. వాటి మధ్య ఒక చంటిపిల్ల చెప్పు, సగం తిని వదిలేసిన బిస్కెట్ల పొట్లం.

పక్కసీట్లో ఉన్నది రుఫినో టికోనా. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక అరిచెయ్యి డాష్‌బోర్డు కిందా, మడమ నేలరేకు మీదా ఆనించి కూర్చున్నాడు. ఇంజను విప్పేవాళ్ళూ గేర్లు బాగుచేసేవాళ్ళూ ఒరూరో ఊళ్ళో వీధికి పదిమంది దొరుకుతారు. చప్పుడు పట్టుకోవడం మాత్రం అందరికీ రాదు. అది పుట్టేది ఒకచోట, పలికేది ఇంకోచోట. డిక్కీలో పుట్టింది ముందు అద్దంలో పలుకుతుంది. చెవిని నమ్ముకున్నవాడు నాలుగు సామాన్లు అనవసరంగా మారుస్తాడు, చేతిని నమ్ముకున్నవాడు ఒక్కటే మారుస్తాడు అంటాడు రుఫినో.

"వెనక్కి తిప్పండమ్మా. ఇంకోసారి ఎక్కిద్దాం. ఈసారి కొంచెం ఎడమకి తిప్పుతూ ఎక్కండి."

ఆమె తిప్పింది. చప్పుడు ఈసారి ఇంకా గట్టిగా వచ్చింది. రుఫినో మడమ కింద ఎవరో సుత్తితో తట్టినట్టయింది.

"ఎన్నాళ్ళనుంచీ?"

"నా చేతికి వచ్చినప్పటినుంచీ. పోలీసులు ఏప్రిల్లో తిరిగిచ్చారు. ముందంతా నొక్కుకుపోయి ఉంటే రేకుల పనివాడు సాపుచేసి రంగు కొట్టాడు. ఆ రోజు మొదలు ఇదే గోల."

"ఎవరెవరు చూశారు?"

"ఒకడు షాకబ్జార్బర్లు పోయాయన్నాడు, మార్చాం. ఇంకోడు బుష్‌లన్నాడు, మార్చాం. మూడోవాడు స్టెప్నీ వదులైందని బిగించాడు. అయినా వస్తోంది కదయ్యా అంటే, చప్పుడు నీ బుర్రలో ఉందమ్మా, మొగుడు ఇంట్లో లేని ఆడవాళ్ళకి ఇలాంటివే వినిపిస్తాయి అన్నాడు."

"వాడి బుర్రలోనే నట్టు ఊడింది. నేనన్నానని చెప్పండి వాడితో."

బసీలియా నవ్వబోయి ఆపుకుంది.

షెడ్డుకి తిరిగొచ్చాక రుఫినో బండి చుట్టూ ఒకసారి నడిచాడు. తెల్లది, ఏడుగురు కూర్చునే జపాన్ బండి. అద్దం మీద దుమ్ము పోవడానికి ఆమె వైపర్లు వేసింది. ఆ రెండు పుల్లలూ జపాన్‌లో ఎటు తుడిచేవో ఇప్పటికీ అటే తుడుస్తున్నాయి. డ్రైవరు ముందు జానెడు మట్టి అలాగే ఉండిపోయింది.

"తిప్పిన బండే," అన్నాడు.

"మరి? ఈ ఊళ్ళో తిప్పని బండి ఎవరికుంది మేస్త్రీ? మంత్రులకా?"

అదీ నిజమే. జపాన్‌లో వాడి వదిలేసిన బళ్ళు ఓడల్లో చిలీ రేవుకి దిగి, ఎడారి దాటి ఈ ఎత్తుకి వచ్చేవి. అక్కడ స్టీరింగు కుడిపక్క, ఇక్కడ ఎడమపక్క. ఊరి బయటి షెడ్లలో బండి ముక్కు కోసి, స్టీరింగు పెరికి, ఈ పక్కకి తెచ్చి అతికేవాళ్ళు. రుఫినో కూడా మూడేళ్ళు ఆ పని చేశాడు. ఆ సంగతి తనంతట తను చెప్పుకోడు, అడిగితే దాచుకోడు.

బసీలియా ఒక పాత టైరు మీద గాగ్రాలన్నీ మోకాళ్ళ కిందికి దోపుకుని కూర్చుంది. జూలై చలిగాలి మైదానం మీంచి ఉప్పుదుమ్ము తెచ్చి మొహాన కొడుతోంది. రుఫినో భార్య దమియానా ఊదారంగు మొక్కజొన్న జావ రెండు గ్లాసుల్లో తెచ్చిచ్చి వెళ్ళింది.

"మా ఆయన లోపల ఉన్నాడు," అంది బసీలియా, గ్లాసు చుట్టూ వేళ్ళు చుట్టి. లోపల అంటే ఎక్కడో ఈ ఊళ్ళో చెప్పక్కర్లేదు. "కార్నివాల్ పండగ మంగళవారం నాడు. కరకొయ్యో ఊరు దాటాక మలుపుంది చూడండి, అక్కడ. జున్ను అమ్ముకునే ముసలావిడ రోడ్డు పక్కన కూర్చునుంది. మలుపు తిరక్కుండా తిన్నగా పోయి ఆవిణ్ణి..."

"తాగున్నాడా?"

"నేను తాగలేదు, స్టీరింగు తిప్పాను, బండి తిరగలేదు అంటాడు. తాగినవాడు ఇంకేమంటాడు మేస్త్రీ? తాగిన ప్రతివాడికీ బండే తిరగదు." జావ ఒక గుక్క తాగింది. "తాగిందీ లేనిదీ పరీక్ష చేసే యంత్రం ఆ పక్క ఊళ్ళో లేదట. మర్నాడు ఇక్కడికి తెచ్చి చేశారు. ఏమీ రాలేదు. మర్నాటికి ఏముంటుంది? బండంతా మాత్రం బీరు కంపు. శుక్రవారం కోర్టులో సంతకం పెడతాడు. తాగి నడిపాను, తప్పు నాదే అని ఒప్పుకుంటే మూడేళ్ళతో పోతుందట. మొండికేస్తే ఎనిమిదట. లాయరు చెప్పాడు. ఈయన వింటేనా! నేనే పిల్లల మొహం చూడమని ఏడ్చి ఏడ్చి ఒప్పించాను."

రుఫినో గ్లాసులో అడుగున మిగిలిన జావని ఊరికే తిప్పుతున్నాడు.

"గురువారం పొద్దున వస్తాను. ములాఖాతు రోజు," అని లేచింది. "శనివారం వానూని సంతకి పోవాలి. పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకునే వెళ్ళాలి, ఇంట్లో చూసేవాళ్ళెవరు? ఎలాగైనా ఆ చప్పుడు తీసెయ్యండి మేస్త్రీ. అది వచ్చినప్పుడల్లా ఆ ముసలావిడే కింద కొట్టుకుంటున్నట్టుంటుంది నాకు."

బుధవారం పొద్దున్నే బండిని గుంట మీదికి ఎక్కించి, ముందు భాగం జాకీ మీద లేపి, రుఫినో కిందికి దిగాడు. బుగ్గలో కోకా ఆకు పెట్టుకున్నాడు. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపి చూశాడు. బేరింగులు బాగున్నాయి. ఇనుప కడ్డీతో, చక్రాల్ని పట్టి ఉంచే ఇనప చేతుల్నీ బుష్‌లనీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. కొత్తవే, గట్టివే. సైలెన్సరుని పిడికిలితో గుద్దాడు, పలకలేదు. కింద భాగమంతా రేకులవాడు దట్టంగా తారు పూశాడు. చెడిందాన్ని కప్పడానికి తారుని మించింది లేదని వాళ్ళ నమ్మకం.

"ఇదిగో! ఒకసారి రా!" అని కేకేశాడు.

దమియానా చేతులు గాగ్రాకి తుడుచుకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ సీట్లో ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. బండి నడపడం మాత్రం రాదు.

"ఎడమకి."

తిప్పింది.

"ఆపు. కుడికి. మళ్ళీ ఎడమకి. గట్టిగా."

"నువ్వు త్వరగా కానీ. అక్కడ పొయ్యిమీద సూపు పొంగిపోతోంది."

స్టీరింగు తిప్పితే చక్రాల్ని అటూఇటూ లాగే పొడుగాటి గొట్టం ఒకటి ముందు ఇరుసు పైన అడ్డంగా ఉంటుంది. తిరగాల్సింది దాని లోపలి కడ్డీ. గొట్టం కదలకూడదు. రుఫినో రేకు సందులోంచి చెయ్యి దూర్చి, దాని వెన్ను మీద అరిచెయ్యి వేశాడు. దమియానా ఎడమకి తిప్పింది. అరిచెయ్యి కింద గొట్టం మొత్తం పక్కకి జరిగింది. కట్ మంది.

"ఇంకోసారి."

కట్.

"దొరికిందా?" అని పైనుంచి అడిగింది.

"దొరికింది. నువ్వెళ్ళు."

అడ్డురేకు విప్పి, టార్చి నోట కరుచుకుని, చిన్న అద్దం ముక్క లోపలికి పెట్టి చూశాడు. గొట్టాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ఇనప చెవి ఉంది. బండిని తిప్పినప్పుడు కొత్తగా కోసి అతికింది అది. వైరు బ్రష్షుతో తారంతా గీకాడు. తారు కింద సన్నటి గీత కనబడింది. రంపం బ్లేడు కొన ఆ గీతలో పెడితే సగందాకా దిగిపోయింది. చెవిని కడ్డీతో పక్కకి లాగి సందులోకి టార్చి వేశాడు. ఒక్క దెబ్బకి విరిగిన ఇనుము లోపల గరుగ్గా, తెల్లగా మెరుస్తుంది. ఇది అలా లేదు. లోపలంతా నున్నగా అరిగి, తుప్పు పట్టి, పాత తుప్పు మీద కొత్త తుప్పు వరసలు వరసలుగా ఉంది. చిట్టచివర మాత్రం చిటికెన వేలి గోరంత మెరుపు. ఇది గుద్దుకుని పగిలింది కాదు. ఏళ్ళ తరబడి వెంట్రుకవాసి చొప్పున పగులుతూ వచ్చి, ఒక రోజు మలుపులో తెగింది.

లోపలివైపు అతుకు లేదు. పైవైపు ఒక్కటే వేశారు.

రుఫినోకి ఆ అతుకు చివర చూడాలనిపించలేదు. చూడకుండానే తెలిసిపోయింది. అయినా బ్రష్షుతో ఇంకొంచెం గీకాడు. అతుకు ముగిసినచోట వరసగా మూడు చుక్కలు ఉన్నాయి. వెల్డింగు రాడ్డుని ఎత్తి మూడుసార్లు ముట్టిస్తే పడే చుక్కలు. ఒరూరోలో అలా ముగించేవాడు ఒక్కడే ఉండేవాడు. అప్పట్లో అదో గొప్ప రుఫినోకి. తన పని తనదని తెలియాలని.

బ్రష్షు కింద పడేశాడు. గుంట గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఏ బండో, ఏ రోజో గుర్తులేదు. ఎలా గుర్తుంటుంది? చేతులకి మాత్రం అంతా గుర్తుంది. లోపలివైపు రాడ్డు అందాలంటే ఇరుసు దించాలి. దించితే రెండు గంటలు. ఇంక తిప్పకూడదని సర్కారు గడువు పెట్టిన ఆఖరి రెండు నెలల్లో బయట బళ్ళు బారులు తీరి నిలబడ్డాయి. షెడ్డు యజమాని రోజుకి అయిదు కావాలన్నాడు. దించకుండానే పైన వేసేద్దాం, లోపలివైపు ఎవడు చూస్తాడు అని అన్నది యజమాని కాదు. రుఫినోయే అన్నాడు.

గ్రైండరు తెచ్చి ప్లగ్గు పెట్టాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. పని తెలిసినవాడికి ఇక్కడ ఆలోచించేదేముంది? పాత అతుకు కొట్టేసి, ఇరుసు దించి, రెండువైపులా నిండుగా వేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు కదలదు. పిల్లల తల్లి శనివారం సంతకి పోవాలి. గ్రైండరు గుయ్యిమంది, రవ్వలు గుంటనిండా రాలాయి. మొదట ఎక్కడ ఆనించాడో తర్వాత చూసుకున్నాడు. పగులు దగ్గర కాదు. చుక్కల దగ్గర. ఒక చుక్క పోయింది.

ఆపేశాడు.

స్టీరింగు తిప్పాను, బండి తిరగలేదు. ఆ మాట అన్నవాడికి లోకంలో ఈ ఇనపముక్క తప్ప సాక్షి లేడు. దీన్ని బాగుచేస్తే చప్పుడు పోతుంది, బండి బాగుపడుతుంది, పిల్లలు క్షేమంగా సంతకి పోతారు, వాడు శుక్రవారం సంతకం పెడతాడు. ఛీ, నా బతుకు అనుకున్నాడు రుఫినో. నలభై ఏళ్ళ పనిలో బాగుచెయ్యడం తప్పయిన రోజు ఇదొక్కటే.

గ్రైండరు ప్లగ్గు పీకాడు. ఎవరూ పొరపాటున కూడా నడపకుండా బ్యాటరీ తీగలు విప్పి, తాళం చొక్కా జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నం దమియానా సూపు గిన్నె ముందు పెట్టింది. చల్లారిపోయేదాకా చూసి, "ఏమయ్యా, చప్పుడు దొరికిందన్నావు, మొహం మాత్రం చచ్చినవాణ్ణి చూసినట్టుంది," అంది.

చెప్పాడు. ఒక్కమాట దాచకుండా చెప్పాడు.

ఆమె బంగాళాదుంప పొట్టు తీస్తోంది. "వెల్డింగు చేసిచ్చెయ్," అంది. "మంచి వెల్డింగు చెయ్యి. ఆ పిల్ల నీకు దణ్ణం పెట్టి తీసుకుపోతుంది."

"వాడు?"

"మూడేళ్ళేగా. నిన్ను పెడితే ఎన్నేళ్ళో? నీకు యాభై ఎనిమిది. ఆ లోపలి చలికి రెండు శీతాకాలాలు ఆగుతావా నువ్వు? ఆ తర్వాత ఈ షెడ్డుకి బండి తెచ్చేవాడెవడు?" కత్తి పక్కన పడేసింది. "తిలాపాపం తలా పిడికెడు. ఆ షెడ్డు యజమాని శాంతాక్రూస్‌లో మేడ కట్టుకున్నాడు. బండి తెరిచి చూడకుండా కాగితం రాసిన పోలీసు హాయిగా నిద్రపోతున్నాడు. నిజం చెప్పే మొనగాడివి నువ్వొక్కడివే దొరికావా?"

"అతుకు నాది."

"నీదయితే! నీ ఒక్కడిదేనా? ఎన్ని బళ్ళు తిప్పావు నువ్వు?"

"ఎనిమిదొందలో, తొమ్మిదొందలో."

"అన్నీ ఇలాగేనా?"

"కాదు. ఆఖరి రెండు నెలల్లోవి."

ఆ మాట అన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దమియానాయే ముందు కళ్ళు దించుకుంది.

"మన అల్లుడి బండి?" అంది మెల్లగా. వాళ్ళమ్మాయి వారం వారం ఆ బండిలోనే పిల్లాణ్ణేసుకుని కోచబాంబా ఘాటు దిగుతుంది.

"అది మొదట్లోది. అది బాగానే వేశాను."

"చూశావా?"

"చూడలేదు."

"చూడు," అంది. సూపు వేడిచేసి మళ్ళీ పెట్టింది గానీ తను తినలేదు. సాయంత్రం అల్లుడు బండి తెచ్చాడు. రుఫినో కింద దూరి, తుప్పు గీకి, రెండువైపులా వేలితో తడిమి చూశాడు. రెండువైపులా అతుకు ఉంది, చివర మూడు చుక్కలూ ఉన్నాయి. బయటికొచ్చి భార్యకి తల ఊపి చూపించాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఏడ్చింది, అల్లుడికి ఎందుకో అర్థం కాలేదు.

గురువారం ఎనిమిదింటికల్లా బసీలియా వచ్చింది. జైలుకి తీసుకెళ్ళే అన్నంమూట వీపున శాలువాలో కట్టుకుంది. బండి ఇంకా గుంట మీదే ఉండడం చూసి మొహం ముడుచుకుంది.

"అవలేదా మేస్త్రీ?"

"కిందికి దిగండమ్మా. ఒకటి చూపిస్తాను."

గాగ్రాలు పైకి దోపుకుని, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటూ దిగింది. రుఫినో టార్చి ఆమె చేతికిచ్చి, కడ్డీతో చెవిని పక్కకి లాగి పట్టుకున్నాడు. పగులు నోరు తెరిచింది. ఎక్కడ పాత తుప్పు, ఎక్కడ కొత్తది, ఆఖరిది ఎక్కడ తెగింది, అన్నీ చూపించాడు. ఇది ఇలా ఉన్నప్పుడు మెల్లగా పోతే చప్పుడుతో సరిపోతుందనీ, వేగంమీద ఎడమ మలుపులో స్టీరింగు తిప్పితే గొట్టం జరుగుతుంది తప్ప చక్రాలు తిరగవనీ చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. పని గురించి మాట్లాడటం ఆయనకి కష్టం కాదు.

బసీలియా వేలితో ఆ పగులుని ముట్టుకుంది. వేలికంటిన తుప్పుని చూసుకుంది.

"అయితే ఆయన తిప్పాడా?"

"తిప్పే ఉంటాడు."

"తిప్పాడు," అంది. "తిప్పాననే చెప్పాడు."

"ఈ అతుకు వేసింది నేనే బసీలియమ్మా. లోపలివైపు వెయ్యకుండా వదిలేశాను. ఇవి నా చుక్కలు. మూడుండేవి, నిన్న ఒకటి కొట్టేశాను. మొత్తం కొట్టేద్దామనే మొదలుపెట్టాను."

తిడుతుందనుకున్నాడు. చేతిలో టార్చి ఉంది, దాంతో మొహం మీద కొట్టినా కొట్టచ్చు అనుకున్నాడు. ఆమె అతని మాట విన్నట్టే లేదు. టార్చి వెలుతురు పగులు మీదినుంచి తియ్యకుండా నిలబడింది.

"ఆ బీరు నేను పోశాను," అంది. "ఆ పొద్దున పండక్కి అందరిలాగే మేమూ బండికి పూజ చేశాం. పూలదండలు కట్టి, నాలుగు చక్రాలకీ, ముక్కు మీదా నేనే పోశాను. రెండు సీసాలు. పిల్లది గెంతుతూ తగిలితే మిగిలింది సీట్లో ఒలికిపోయింది. తుడుద్దామనుకుని మర్చిపోయాను. ఆయన గ్లాసులో భూమితల్లికి పోయగా మిగిలింది ఒక్క గుక్క. అంతే." ఊపిరి పీల్చుకుంది. "సాయంత్రం పోలీసు వచ్చి, మీ ఆయన తాగాడా అని అడిగాడు. ప్రతి కార్నివాల్‌కీ తాగేవాడు మేస్త్రీ. ఈసారీ తాగే ఉంటాడనుకున్నాను. ఆ ముసలావిడ పోయిందని విని ఒళ్ళు మండిపోయింది నాకు. తాగాడు, ఎప్పుడూ తాగుతాడు అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను."

గుంటలో ఇద్దరూ తలలు వంచుకుని నిలబడ్డారు. పైన గాలికి షెడ్డు రేకులు కొట్టుకుంటున్నాయి.

"ఇలాగే ఉంచండి," అంది బసీలియా టార్చి ఆర్పి. "కోర్టువాళ్ళొచ్చి చూసేదాకా దీన్ని ముట్టుకోకండి. సంత లేకపోతే పోయింది. మీరు నాతో రండి."

"ఎక్కడికి?"

"ఆయన దగ్గరికి. మీరే చెప్పాలి. నేను చెబితే నమ్మడు. నేను ఆయన మాట నమ్మానా?"

దమియానా గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. రుఫినో టోపీ కోసం వెతుక్కుంటుంటే తీసుకొచ్చి చేతికిచ్చింది.

ఊళ్ళోకి మినీబస్సులో వెళ్ళారు. అదీ తిప్పిన బండే. రుఫినో దారిపొడుగునా డ్రైవరు చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. ప్రతి ఎడమ మలుపుకీ ఆయన కాళ్ళు నేలని తన్నిపెట్టుకున్నాయి.

జైలు లోపల పెరడు నిండా ములాఖాతుకి వచ్చినవాళ్ళు. ఎండ ఉన్న గోడవారగా బసీలియా మొగుడు విల్బర్ ఒక బల్ల మీద కూర్చుని, కుర్చీ కాలుకి గరుకు కాగితం రుద్దుతున్నాడు. చెవుల మీదిదాకా ఉన్ని టోపీ లాక్కున్నాడు. నలభై కూడా ఉండవు గానీ ముసలివాడిలా ఒంగి కూర్చోవడం అలవాటైపోయింది.

"ఈయన రుఫినో మేస్త్రీ," అంది బసీలియా మూట దించి. "మన బండి చూశాడు. చెబుతాడు, విను."

రుఫినో అతుకు పగిలిన సంగతి చెప్పాడు. విల్బర్ తల ఎత్తలేదు. గరుకు కాగితం కూడా ఆగలేదు.

"నేను తాగాను మేస్త్రీ," అన్నాడు అంతా విన్నాక. "రేపు సంతకం పెట్టేస్తున్నాను. అయిపోయింది. ఇంక కెలక్కండి."

"ఎంత తాగావు?"

"ఏమో. మొదట్లో ఒక్క గుక్కే అనుకునేవాణ్ణి. తాగావు తాగావని పోలీసులన్నారు, లాయరన్నాడు, ఇదీ అంది. ఇంతమంది అబద్ధమాడతారా? ఇక్కడ కూర్చుని అయిదు నెలలనుంచీ అదే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు చాలా గ్లాసులు గుర్తొస్తున్నాయి. ఎవరో పోస్తున్నట్టు, నేను తాగుతున్నట్టు. తాగే ఉంటాను."

బసీలియా శాలువా చెంగు నోట్లో కుక్కుకుంది.

రుఫినో అతని ముందు గొంతుక్కూర్చుని, చేతిలోంచి కుర్చీ కాలు తీసి పక్కన పెట్టాడు. "చేతులు ఇలా పెట్టు. స్టీరింగు మీద పెట్టినట్టు. ఊఁ. మలుపొచ్చింది. ఆవిడ కనబడింది. ఏం చేశావో నాకు చెప్పద్దు. చేసి చూపించు."

విల్బర్ అతన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత అతని చేతులు గాల్లోకి లేచాయి. కాసేపు ఊరికే నిలబడ్డాయి. ఒక్కసారిగా ఎడమకి తిరిగాయి. కుడిచెయ్యి పైనుంచి వచ్చి పట్టుకుంది, ఎడమది కింద వదిలి మళ్ళీ పైన అందుకుంది, భుజం ఒంగింది, నడుం ఒంగింది, కుడికాలు నేలని నొక్కింది. ఒకటిన్నర చుట్టు దగ్గర చేతులు ఠక్కున ఆగిపోయాయి. అక్కడికి మించి ఆ బండి స్టీరింగు తిరగదు. అది రుఫినోకి తెలుసు. కట్టుకథ చెప్పేవాడి చేతులకి అది తెలిసే వీల్లేదు. ఆగినచోటే అవి ఇంకా ఎడమకి తోస్తూనే ఉన్నాయి.

"తిప్పాను," అన్నాడు విల్బర్. "మొత్తం తిప్పేశానే! బసీలియా, నేను మొత్తం తిప్పాను."

"తిప్పావు," అంది ఆమె. "తిప్పావు నాయనా."

అతని కళ్ళమ్మట నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేనట్టు గాల్లోనే ఉంచాడు. చాలాసేపటికి దించాడు.

"ఎవడు వేశాడా అతుకు?"

"నేనే," అన్నాడు రుఫినో.

విల్బర్ అతని మొహంలోకి చూశాడు. కొడతాడనుకున్నాడు రుఫినో. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. విల్బర్ కొట్టలేదు.

"రేపు తొమ్మిదింటికి నన్ను కోర్టుకి తీసుకెళ్తారు," అన్నాడు. "అక్కడికొచ్చి ఈ మాటే అంటారా? నేనే వేశానని?"

"అంటాను."

"మిమ్మల్నీ లోపల వేస్తారేమో."

"వేస్తారేమో."

విల్బర్ తల ఊపాడు. భార్య వైపు తిరిగాడు.

"నువ్వేమంటావు రేపు?"

"నేను చూడలేదంటాను," అంది బసీలియా. "నువ్వు తాగగా నేను చూడలేదు, వాసన చూసి అనేశాను, ఆ బీరు పోసింది కూడా నేనే అంటాను."

విల్బర్ పక్కనున్న కుర్చీ కాలు తీసుకున్నాడు. గరుకు కాగితం మడత సరిచేసుకున్నాడు.

"ఆ మాట ఆ రోజే అనుంటే సరిపోయేది," అన్నాడు.

బసీలియా మూట ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. కాసేపు చూసి, విల్బరే వంగి దాన్ని విప్పాడు.